ఐవీఎఫ్ ఇంకోసారా, ఇక చాలా? ఆపడం గురించి తేల్చుకునే పద్ధతి

మా ఫ్రిజ్ తలుపులో కోడిగుడ్లు పెట్టుకునే అర ఒకటుంది. దాదాపు మూడేళ్ళు అందులో గుడ్లు లేవు, ఇంజెక్షన్లు ఉండేవి. మందుల షాపులో ఐస్ ప్యాక్ వేసిన థర్మాకోల్ డబ్బాలో ఇస్తే, విశాఖలో సిరిపురం నుంచి గాజువాక దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, తేదీల వారీగా అక్కడ పేర్చేదాన్ని. రాత్రి 8 గంటలకి పొట్ట మీద పొడుచుకోవాలి. మా ఆయనది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. బి షిఫ్ట్ పడితే ఇంటికొచ్చేసరికి పదిన్నర దాటుతుంది. అందుకని సూది నేనే వేసుకునేదాన్ని. ఒక చేత్తో చర్మం పట్టుకుని, ఇంకో చేత్తో పెన్ను నొక్కి, పది లెక్కపెట్టి తీసేయాలి.

పిల్లల కోసం మూడు ఐయూఐలు (వీర్యకణాలని నేరుగా గర్భాశయంలోకి పంపడం), తర్వాత ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబ్‌లో కలిపి పిండం చేయడం). అందులో మూడు ఎగ్ పికప్‌లు (అండాలు బయటికి తీయడం), నాలుగు ట్రాన్స్‌ఫర్లు (పిండాన్ని గర్భాశయంలో పెట్టడం). ఒకసారి నెల తప్పింది గానీ ఎనిమిదో వారం స్కాన్‌లో గుండె కొట్టుకోవడం లేదన్నారు. నాకు 39 ఏళ్ళప్పుడు ఆపేశాం. ఆపి ఇప్పటికి మూడేళ్ళు.

మొదలుపెట్టడానికి ఈ ఊళ్ళో బోర్డులకి కొదవ లేదు. మహారాణిపేట, రామ్‌నగర్, ఎంవీపీ కాలనీ, ఎటు చూసినా నవ్వుతున్న పాపాయి ఫొటో. ఇచ్ఛాపురం నుంచి, పార్వతీపురం నుంచి జనం పొద్దున్నే రైళ్ళు దిగి ఆ బోర్డుల కిందకే వస్తారు. ఆపడం ఎలాగో చెప్పే బోర్డు మాత్రం నాకెక్కడా కనబడలేదు. మేము తడుముకుంటూ నేర్చుకున్నవీ, చేయాల్సినప్పుడు చేయక దెబ్బతిన్నవీ కలిపి వరసగా రాస్తున్నాను. కొనసాగిద్దామనే చివరికి మీకు అనిపించినా ఈ వరస పనికొస్తుంది. నేను డాక్టర్‌ని కాదు, మందుల సంగతి మీ డాక్టర్‌నే అడగాలి.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఎక్కడ ఆపాలన్న గీత తర్వాతి సైకిల్ (ఇంజెక్షన్ల నుంచి రిపోర్టు దాకా ఒక విడత చికిత్స) మొదలుకాకముందే గీసుకోవాలి. బీటా రిపోర్టు (గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్త పరీక్ష) చేతిలో పట్టుకుని గీసిన గీత నిలవదు.

మొదటి అడుగు: రిపోర్టు వచ్చిన వారంలో ఏదీ తేల్చకండి

మా రెండో ట్రాన్స్‌ఫర్ బీటా 1.2 వచ్చింది. అంటే లేనట్టే. ఆ సాయంత్రం తెన్నేటి పార్కులో కూర్చుని ఇద్దరం ఒట్టేసుకున్నంత పని చేశాం, ఇంక వద్దని. మర్నాడు పదకొండు గంటలకి ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది, వచ్చే సైకిల్‌కి ప్యాకేజీలో తగ్గింపు ఉందని. సాయంత్రానికి అడ్వాన్స్ కట్టేశాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రెండు నిర్ణయాల్లో ఒక్కటీ నిర్ణయం కాదు. మొదటిది దుఃఖం, రెండోది భయం.

అందుకని ముందుగా ఒక గడువు పెట్టుకోండి. నెగెటివ్ వస్తే ఆరు వారాలు, అబార్షన్ అయితే కనీసం మూడు నెలలు. ఆ లోపల కొత్త సైకిల్‌కి డబ్బు కట్టడం లేదు, ఆపేశామని ఎవరికీ చెప్పడమూ లేదు. వయసు మీద పడుతోంది కదా, ఆగితే ఎలా అని మీరు అడుగుతారు. 38, 40 దాటిన వాళ్ళకి ఏడాది ఆగడం వేరు, రెండు నెలలు ఆగడం వేరు. రెండు నెలల్లో అండాల సంగతి అంతగా మారిపోదు. మీ కేసులో తొందర నిజంగా ఉందా అని డాక్టర్‌ని సూటిగా అడగండి, ఉంటే ఎందుకో చెబుతారు.

ఈ లోపల మాత్రలు మాత్రం సొంతంగా మానేయొద్దు. నెగెటివ్ రాగానే కోపంలో డబ్బా మొత్తం చెత్తబుట్టలో పడేసినదాన్ని నేను. అందులో థైరాయిడ్ మాత్ర కూడా ఉంది! అది ఐవీఎఫ్ కోసం ఇచ్చింది కాదు, నా ఒంటి కోసం ఇచ్చింది. ప్రొజెస్టరాన్ (గర్భం నిలవడానికిచ్చే హార్మోన్) ఎప్పుడు ఆపాలి, రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఎప్పుడు ఆపాలి, ఏవి కొనసాగించాలి అన్నది ఫోన్‌లోనైనా అడిగి రాసుకోండి.

రెండో అడుగు: ఫైలంతా ఒక్క కాగితం మీదకి తేవడం

ఇది విసుగు పని. కానీ నా లెక్కలో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే.

ప్రతి సైకిల్‌కీ ఒక వరస గీయండి. అప్పటి వయసు, ఏఎమ్‌హెచ్ (అండాల నిల్వ చూసే రక్త పరీక్ష), ఇంజెక్షన్ డోసు, ఎన్ని రోజులు, ఎన్ని ఫాలికల్స్ (అండాశయంలో గుడ్డు పెరిగే తిత్తులు), ఎన్ని గుడ్లు తీశారు, వాటిలో పక్వమైనవి ఎన్ని, ఎన్ని ఫలదీకరణ చెందాయి, మూడో రోజుకి ఎన్ని, ఐదో రోజుకి ఎన్ని, పిండాల గ్రేడ్ ఏమిటి, ట్రాన్స్‌ఫర్ రోజు గర్భాశయం పొర ఎన్ని మిల్లీమీటర్లు, బీటా ఎంత, తర్వాత ఏమైంది. ఇవన్నీ డిశ్చార్జ్ కాగితంలో ఉండవు. ల్యాబ్ వాళ్ళ దగ్గర ఎంబ్రియాలజీ రిపోర్టు (పిండాలు ఎలా పెరిగాయో రాసింది) ఉంటుంది, అది కావాలని విడిగా అడగండి. మొహమాటం వద్దు, డబ్బు కట్టించుకున్నది ఆ పనికే.

మా రెండో సైకిల్ వరస ఇలా ఉంది: ఫాలికల్స్ 9, గుడ్లు 6, పక్వమైనవి 4, ఫలదీకరణ 3, ఐదో రోజుకి 1. అప్పట్లో తొమ్మిది అనగానే మేము తొమ్మిది అవకాశాలనుకుని సంపత్ వినాయగర్ గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టొచ్చాం. తొమ్మిది ఒకటి కావడం మా దురదృష్టం అనుకున్నాను. తర్వాత తెలిసింది, మెట్టు మెట్టుకీ కొన్ని రాలిపోవడం మామూలేనని. తీసిన గుడ్లన్నీ పక్వంగా ఉండవు, పక్వమైనవన్నీ ఫలదీకరణ చెందవు, చెందినవాటిలో సుమారు సగమే ఐదో రోజు దాకా నిలుస్తాయి. వయసు పెరిగేకొద్దీ ఆ నిలిచినవాటిలో కూడా క్రోమోజోముల లెక్క తప్పినవి ఎక్కువవుతాయి.

వరసలన్నీ ఒకదాని కింద ఒకటి పడ్డాక, ప్రతిసారీ ఎక్కడ తెగుతోందో చూడండి. గుడ్లే సరిగ్గా రావడం లేదంటే అది అండాల నిల్వ సమస్య. గుడ్లు బాగానే వచ్చి ఫలదీకరణ దగ్గర ఆగిపోతోందంటే మగవారి వైపు కూడా ఇంకాస్త లోతుగా చూశారా అని అడగాలి. మన ఇళ్ళలో ఈ ప్రశ్న చివరన వస్తుంది, రావాల్సింది మొదట. మంచి పిండాలు పెట్టినా అంటుకోవడం లేదంటే గర్భాశయం లోపల హిస్టెరోస్కోపీతో (సన్నటి కెమెరాతో) చూశారా, ట్యూబుల్లో నీరు ఉందా అన్నది ప్రశ్న. అంటుకుని పోతోందంటే ఇద్దరి క్రోమోజోమ్ పరీక్ష, రక్తం గడ్డకట్టే పరీక్షలు అయ్యాయా అన్నది. ఏఎమ్‌హెచ్ గురించి ఒక మాట. అది గుడ్లు సుమారు ఎన్ని ఉన్నాయో చెబుతుంది, ఎంత బాగున్నాయో చెప్పదు. ఏఎమ్‌హెచ్ తక్కువగా ఉన్న 30 ఏళ్ళ అమ్మాయి, బాగున్న 42 ఏళ్ళ ఆవిడ ఒకే స్థితిలో లేరు.

మూడో అడుగు: అసలు ప్రశ్న అడగడం

"ఇంకోసారి చూద్దామా డాక్టర్‌గారూ?" అని అడిగితే ఏ డాక్టరైనా "చూద్దాం" అనే అంటారు. మీ మొహం చూసి వద్దనడం వాళ్ళకీ కష్టమే. ప్రశ్న మార్చాలి. "మా వయసుకి, మా రికార్డు చూసి, మా సొంత అండాలతో ఈసారి బిడ్డని ఇంటికి తీసుకెళ్ళే అవకాశం నూటికి ఎంత?" ఈ వాక్యంలో ఏ ముక్కా వదలకండి. బోర్డు మీద రాసే సక్సెస్ రేటు బీటా పాజిటివ్ లెక్క కావచ్చు, అన్ని వయసుల వాళ్ళనీ కలిపింది కావచ్చు, డోనర్ (దాత) అండాలతో వచ్చినవీ అందులో ఉండొచ్చు. అడగడానికి జంకకండి. 2021లో వచ్చిన ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) నియంత్రణ చట్టం ప్రకారం ఫలితం వచ్చే అవకాశాలు, ఖర్చు, దుష్ప్రభావాలు, రిస్కులు వివరించి కౌన్సెలింగ్ ఇవ్వడం క్లినిక్ బాధ్యత.

ఒక అంచనా ఉండడం కోసం బయటి లెక్క ఒకటి చెబుతాను. బ్రిటన్‌లో లక్షా 56 వేల మందికి పైగా ఆడవాళ్ళ ఐవీఎఫ్ రికార్డులు పరిశీలించి 2015లో ఒక అధ్యయనం వేశారు. అందులో సైకిల్ అంటే ఒకసారి గుడ్లు తీసి, వాటితో వచ్చిన పిండాలన్నీ వాడటం. 40 లోపు వాళ్ళకి మొదటి సైకిల్‌లో నూటికి 32 మందికి బిడ్డ పుట్టింది, నాలుగో సైకిల్ దాకా కూడా 20కి తగ్గలేదు. సొంత అండాలతో 40 నుంచి 42 మధ్య వాళ్ళకి మొదటిసారి 12. అదే 42 దాటితే ఏ సైకిల్‌లోనూ 4 కూడా లేదు. దీన్నిబట్టి 33 ఏళ్ళ అమ్మాయి రెండుసార్లు తప్పిందని ఆపాలనేం లేదు, 44లో మూడోసారికి అప్పు చేసే ముందు ఆగి ఆలోచించాలి. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు కూడా 40 లోపు వాళ్ళకి మూడు పూర్తి సైకిళ్ళు, 40 నుంచి 42 దాకా షరతులతో ఒకటి అంటాయి. అమెరికా సంతాన వైద్యుల సంఘం అవకాశం 1 శాతం లేదా అంతకన్నా తక్కువుంటే దాన్ని నిష్ప్రయోజనమైన చికిత్స అనీ, 5 శాతం లోపుంటే చాలా బలహీనమైన అవకాశం అనీ పేర్లు పెట్టింది. మీ డాక్టర్ చెప్పిన అంకె ఈ రెంటిలో పడితే, ఇంకోసారి వెళ్ళేముందు ఎందుకో మీకు మీరే చెప్పుకోగలగాలి.

ఇక వాట్సాప్‌లో వచ్చే వార్త. 2019లో గుంటూరులో 70 దాటిన ఒకావిడ కవలల్ని కన్నారు, నిజమే. నాకు ఆ వీడియో కనీసం పదిమంది పంపారు. "చూడు, ఆవిడకే వచ్చింది, నీకేం" అని. పంపినవాళ్ళలో ఎవరూ రాయని ముక్క ఏమిటంటే అది దాత అండంతో వచ్చిన గర్భం. పైగా 2021 చట్టం వచ్చాక ఆడవాళ్ళకి 50, మగవాళ్ళకి 55 ఏళ్ళు దాటితే క్లినిక్ ఈ చికిత్స చేయకూడదు.

తర్వాతి ప్రశ్న: "ఈసారి ఏం మారుస్తారు?" ప్రోటోకాల్ (మందులిచ్చే పద్ధతి) మారుతుందా, మారితే ఏ కారణంతో? "అదే మళ్ళీ చేద్దాం, లక్ బాగుంటే" అనే జవాబు చిన్న వయసులో ఒప్పుకోవచ్చు, ఒక్కోసారి నిజంగా అంతే. ఎక్కువ వయసులో దానికి రెండు లక్షలు కట్టేముందు ఆగాలి. మార్పు అంటూ ఖర్చు పెంచే అదనాలు చెబుతారు. గర్భాశయం పొర గీకడం, ఇంట్రాలిపిడ్ అనే కొవ్వు సెలైన్, అండాశయంలో పీఆర్‌పీ (మన రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్), ఇలాంటివి. వీటిలో చాలావాటికి బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని గట్టి రుజువు లేదు. "ఇది చేస్తే నాలాంటి కేసులో ఎంత తేడా వస్తుంది?" అని అడిగి, జవాబులో అంకె వస్తుందో, ధైర్యం మాటలు వస్తాయో గమనించండి.

రెండో అభిప్రాయం తప్పకుండా తీసుకోండి. మన దగ్గర సెకండ్ ఒపీనియన్ అంటే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్‌లో మళ్ళీ మొదటి నుంచి సైకిల్ మొదలుపెట్టడం అయిపోయింది. మేమూ అదే చేశాం, మూడో పికప్ అక్కడిదే. అభిప్రాయానికి కావాల్సింది ఆ ఒక్క కాగితం, గంట సమయం, కన్సల్టేషన్ ఫీజు. వెళ్ళగానే "మేము ట్రీట్‌మెంట్ కోసం రాలేదు, ఆపాలా వద్దా అడగడానికి వచ్చాం" అని చెప్పేయండి. మేము చాలా ఆలస్యంగా ఆ మాట అన్న రోజున, అవతల కూర్చున్న పెద్దావిడ కంప్యూటర్ పక్కకి తోసి, మొదటిసారి మాతో మనుషులతో మాట్లాడినట్టు మాట్లాడారు.

నాలుగో అడుగు: ఇద్దరూ వేరువేరుగా రాయడం

మాట్లాడుకోండి అని అందరూ చెబుతారు. మేమిద్దరం మూడేళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నాం. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం కనిపిస్తుంది, కనిపించాక నిజం సగమే బయటికొస్తుంది. అందుకని కాగితాలు వేరు, గదులు వేరు, అరగంట టైము.

నాలుగు సంగతులు రాయాలి. ఇంకా ఎంత డబ్బు పెట్టగలం, ఏ డబ్బు ముట్టుకోకూడదు. ఒళ్ళు ఎంత తట్టుకుంటుంది. బిడ్డ పదో తరగతికి వచ్చేసరికి మన వయసెంత, ఆ లెక్క మనకి సరేనా. నాలుగోది, అవతలి మనిషికి ఇంతవరకూ చెప్పనిది ఏమిటి.

నా కాగితం నిండా ఇంజెక్షన్లూ అంకెలూ. ఆయన కాగితంలో నాలుగోదాని కింద రెండే లైన్లు. "రెండో ట్రాన్స్‌ఫర్ తర్వాతే నాకు చాలనిపించింది. నువ్వే ఆపుతావని చూస్తున్నా, నేనంటే నీ మీద వేసినట్టవుతుందని." ఏడాదిన్నరగా నేను ఆయన కోసం చేయించుకుంటున్నాను, ఆయన నా కోసం చేయిస్తున్నారు. మధ్యలో ఒక పికప్, ఒక ట్రాన్స్‌ఫర్. కాగితం మడిచి టీ పెట్టడానికి వెళ్ళాను. ఏమీ మాట్లాడలేదు. కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే. "అప్పుడే చెప్పొచ్చు కదా మీరు" అని రెండు రోజుల తర్వాత అన్నాను.

మీ రెండు కాగితాలూ కలవకపోవచ్చు. ఒకరు ఆపాలని, ఒకరు ఇంకోసారి అని. ఈ విషయంలో సూది ఎవరికి గుచ్చుకుంటుందో వాళ్ళ "వద్దు"కి బరువెక్కువ అని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు ఉంటారు. కానీ ఇష్టం లేని ఒంటి మీద చేసే చికిత్సని నేను సమర్థించలేను. చట్టం కూడా ఇద్దరి రాతపూర్వక సమ్మతి అడుగుతుంది, పిండాన్ని గర్భాశయంలోకి పంపే ముందు వరకూ ఆ సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. ఫారం మీద సంతకం పెట్టేశాం కదా అని ఎవరూ ఇరుక్కుపోనక్కర్లేదు.

ఐదో అడుగు: గీత

ఇప్పుడు ఇద్దరూ కూర్చుని ఒక్క కాగితం మీద గీత రాయండి. "ఇంకో ఒకటి రెండు చూద్దాం" అనేది గీత కాదు. మాది ఇలా ఉంది:

ఇంకొక్క పికప్ మాత్రమే. పదో రోజు స్కాన్‌లో ఫాలికల్స్ మూడు కన్నా తక్కువుంటే పికప్ చేయించుకోకుండా అక్కడే ఆపడం. వచ్చిన పిండాలన్నీ వాడేశాక, ఫలితం ఏదైనా, అంతే. 40వ పుట్టినరోజు తర్వాత కొత్త ఇంజెక్షన్ లేదు. చీటీ డబ్బు వాడొచ్చు, బంగారం కుదువ పెట్టకూడదు, పీఎఫ్ ముట్టుకోకూడదు.

కింద ఇద్దరం సంతకాలు పెట్టి, ఫొటో తీసి డాక్టర్‌గారికి చూపించాం. ఆవిడ చదివి, ఫాలికల్స్ లెక్క సరిగ్గా ఉందన్నారు. ఇలా చూపించడం మంచిది, స్కాన్ రూములో మీరు తడబడితే గుర్తు చేయడానికి ఒక మనిషి ఉంటారు.

గీత మార్చకూడదా అంటే మార్చొచ్చు, ఒక్క కారణానికి. వైద్యపరంగా నిజంగా కొత్త సంగతి ఏదైనా తెలిస్తే. ఎవరికో ఏడోసారి వచ్చిందట అన్నది కొత్త సంగతి కాదు. ప్యాకేజీ తగ్గింపూ కాదు. "ఇన్ని లక్షలు పెట్టాం కదా" అన్నది అసలే కాదు. పోయిన చోటే వెతుక్కోవాలనే మాట పేకాటకి ఎంత నష్టం చేసిందో దీనికీ అంతే చేస్తుంది. మా ఖర్చుల పుస్తకంలో ఆస్పత్రి బిల్లులే కాకుండా ఆటోలూ, రైళ్ళూ, జీతం కోత పడిన సెలవులూ కూడా రాసుకున్నాం. కూడితే ఏడు లక్షల పైచిలుకు. ఆపినా ఆ ఏడు లక్షలు రావు, కొనసాగించినా రావు. లెక్క ఇక ముందు పెట్టబోయేదాని గురించే.

కొన్ని సంగతులకి గీత దాకా ఆగక్కర్లేదు. ఇంజెక్షన్ల తర్వాత పొట్ట బాగా ఉబ్బి, ఊపిరి అందక, మూత్రం తగ్గి, రోజుకి కిలో చొప్పున బరువు పెరుగుతుంటే అది అండాశయాలు అతిగా స్పందించిన స్థితి కావచ్చు, రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్ళాలి. ఆ సైకిల్ సంగతి తర్వాత. అలాగే నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, చచ్చిపోవాలనిపించడం. ఇవి బలహీనతలు అనుకోకండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మన ఊళ్ళో చినవాల్తేరు మానసిక ఆస్పత్రి ఓపీకి వెళ్ళడానికి సిగ్గుపడేవాళ్ళని చాలామందిని చూశాను. నేను వెళ్ళాను. ఓపీ చీటీ రాయించుకుని క్యూలో కూర్చుంటే మన గోల ఎవరికీ పట్టదు, అదే హాయి.

ఆరో అడుగు: పక్క తలుపులు, కానీ వెంటనే కాదు

సొంత అండాలతో ఆపడం, మొత్తానికి ఆపడం వేరువేరు నిర్ణయాలు. డోనర్ అండంతో అవకాశం బాగా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ లెక్కకొచ్చేది దాత వయసు. చట్టం ప్రకారం దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. పుట్టిన బిడ్డకి సొంత బిడ్డకున్న హక్కులన్నీ ఉంటాయి. "ఎలాగూ ఇక్కడిదాకా వచ్చారు కదా" అని అదే కుర్చీలో ఒప్పుకునే విషయం కాదిది. ఇంటికొచ్చి దానికి వేరే కాగితం రాయండి. మేము రాశాం, ఇద్దరికీ వద్దనిపించింది. మాకు తెలిసిన ఒక జంటకి కావాలనిపించింది, పాప పుట్టింది, హాయిగా ఉన్నారు.

దత్తతకి ముందుగా తెలియాల్సింది వయసు లెక్క. కారా (కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ) పోర్టల్‌లో నమోదు చేసుకునే రోజుకి దంపతుల వయసులు కలిపి చూస్తారు. రెండేళ్ళ లోపు బిడ్డకి ఆ మొత్తం 85 దాటకూడదు, నాలుగేళ్ళ లోపు బిడ్డకి 90, ఎనిమిదేళ్ళ లోపు బిడ్డకి 100. పెళ్ళయి రెండేళ్ళు నిలకడగా ఉండాలి. క్యూ చాలా పొడుగు, ఏళ్ళ మాట. ఐవీఎఫ్‌కి గీసిన గీత ఈ లెక్కని కూడా చూసి గీయడం తెలివైన పని. 44, 46 ఏళ్ళ దంపతుల మొత్తం అప్పటికే 90.

ఈ దశలోనే దొంగదారులు ఎదురవుతాయి. "తెలిసిన నర్సు ఉంది, కాగితాలు మేము చూసుకుంటాం" అంటారు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో సరోగసీ (వేరొకరి గర్భంలో బిడ్డని మోయించడం) కేసు బయటపడ్డప్పుడు మన విశాఖ పేరు కూడా వార్తల్లో వినిపించింది. తమ బిడ్డే అని ఇచ్చిన బిడ్డ డీఎన్ఏ కలవలేదని దంపతులు ఫిర్యాదు చేశారు. అలసిపోయిన మనిషికి దగ్గరిదారి చాలా అందంగా కనిపిస్తుంది. దత్తత అయితే కారా ద్వారా, బంధువుల బిడ్డ అయితే చట్టప్రకారం రిజిస్టర్ చేసి. సరోగసీ ఇప్పుడు డబ్బు తీసుకోకుండా చేసేదే చెల్లుతుంది. ఇంకేదీ వద్దు.

ఈ తలుపుల్లో దేనిలోకీ వెళ్ళకపోవడం కూడా ఒక దారే. మేము ఉన్నది అందులో.

ఏడో అడుగు: చెప్పడం

మన దగ్గర ఈ ప్రశ్నకి ఒకే మాట. "విశేషమా?" ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా, కళ్ళు ముందు పొట్ట మీదకి పోయి తర్వాత మొహం మీదకి వస్తాయి.

అందరికీ ఒకేసారి చెప్పక్కర్లేదు. ముందు ఇద్దరి తల్లులకి, అదీ ఎవరి తల్లికి వాళ్ళు. మా అత్తగారిది నరసన్నపేట దగ్గర. సింహాచలం గిరి ప్రదక్షిణ, ఆ 32 కిలోమీటర్లూ మా కోసం మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళు నడిచిన మనిషి. మా ఆయన చెప్పాక చాలాసేపు పలకలేదు. తర్వాత నన్ను పిలిచి, "మరి ఊర్లో అడిగితే ఏటి సెప్పీది?" అన్నారు. అదే ఆవిడ కష్టం. మేము మా దుఃఖం గురించే ఆలోచించాం గానీ, ఆవిడ రోజూ అరుగు మీద కూర్చుని జవాబు చెప్పాల్సిన మనిషి అని తట్టలేదు. "డాక్టర్లు ఇంక వద్దన్నారు, ఆళ్ళు బాగున్నారు అని చెప్పండి అత్తయ్యా" అన్నాను. ఇప్పటికీ ఆవిడ అదే వాక్యం చెబుతారు. కాబట్టి పెద్దవాళ్ళకి కబురుతో పాటు ఒక వాక్యం కూడా ఇవ్వండి.

బయటివాళ్ళకి అంతకన్నా చిన్నది చాలు. "చూపించుకున్నాం, ఆపేశాం" అని చెప్పి వెంటనే వాళ్ళ పిల్లల చదువు గురించి అడిగేయండి, మాట అటు తిరుగుతుంది. సీమంతాలకి మొదటి ఏడాది వెళ్ళకపోయినా తప్పు లేదు. చీర పంపించి ఊరుకున్నాను నేను.

ఎనిమిదో అడుగు: ఆపాక మిగిలే పనులు

ఫ్రీజ్ చేసిన పిండాలు ఉంటే వాటి సంగతి రాతపూర్వకంగా తేల్చాలి. ఏటా ఫీజు కడుతూ ఊరికే ఉంచడం కూడా ఆపకపోవడమే. చట్టం ప్రకారం నిల్వ పదేళ్ళకి మించకూడదు, ఆ తర్వాత నశించనివ్వడమో, మీ సమ్మతితో పరిశోధనకి ఇవ్వడమో జరుగుతుంది. సంతకం పెట్టే రోజు ఇద్దరూ కలిసి వెళ్ళండి, ఆ రోజు ఇంకో పని పెట్టుకోకండి.

ట్రీట్‌మెంట్ ఆగితే స్కాన్లూ ఆగిపోతాయి, దాంతో ఒంటిని పట్టించుకోవడమే మానేస్తాం. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) ఉన్నవాళ్ళకి మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే వదిలేయకూడదు, గర్భాశయం పొర మందమైపోతుంది. షుగర్ పరీక్ష కూడా డాక్టర్ చెప్పినట్టు ఏడాది నుంచి మూడేళ్ళకోసారి చేయించుకోవాలి. 40 లోపే అండాలు అయిపోయాయని తేలినవాళ్ళు ఎముకలూ గుండె కోసం హార్మోన్ మాత్రలు అవసరమేమో డాక్టర్‌ని అడగాలి. పిల్లల కోసం కాదు కదా అని ఊరుకుంటే నలభై ఐదుకే నడుము పట్టేస్తుంది. మగవాళ్ళలో కణాలు బాగా తక్కువున్నాయని తేలితే టెస్టోస్టెరాన్ చూపించుకోవాలి. కారణం తెలియని కేసుల్లో ఆపేశాక మామూలుగానే నెల తప్పడం అప్పుడప్పుడూ జరుగుతుంది. దాని కోసం ఎదురుచూడకండి గానీ, నెలసరి ఆలస్యమై పొట్టలో ఒక పక్క నొప్పి వస్తుంటే మాత్రం తాత్సారం చేయొద్దు.

మిగిలిన ఇంజెక్షన్లు జాలిపడి ఎవరికీ ఇవ్వకండి. మీ డోసు వాళ్ళది కాదు, ఫ్రిజ్ బయట ఎన్ని గంటలున్నాయో కూడా తెలియదు. వాడిన సూదులు చెత్త బండిలో వేయొద్దు, తడి పొడి వేరు చేసే పారిశుద్ధ్య కార్మికుల చేతులకి గుచ్చుకుంటాయి. ఆస్పత్రిలో ఇచ్చేయాలి. మా సూదులన్నీ బాత్రూమ్ పైఅరలో ఒక బిస్కెట్ డబ్బాలో ఉండేవి, ఆపాక కూడా ఆరు నెలలు అక్కడే ఉన్నాయి. తల స్నానానికి వెళ్ళినప్పుడల్లా కనిపించేది. ఎ షిఫ్ట్ దిగిన ఒక మధ్యాహ్నం మా ఆయన దాన్ని స్కూటర్ ముందు పెట్టుకుని ఆస్పత్రిలో ఇచ్చొచ్చారు. వస్తూ వస్తూ డజను గుడ్లు తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గుమ్మంలో నిలబడ్డారు.